తోడు పెట్టిన ట్యాబు

బందరు రోడ్డు పక్కన తూములపాడులో పెరుగు కాటమయ్య ఇంటికి వెళ్ళి, "మీలో తెలివైనవాళ్ళెవరు?" అని అడిగి చూడండి. ఐదుగురూ చేతులెత్తుతారు. పెద్దకొడుకు పోతురాజు రెండు చేతులూ ఎత్తుతాడు.

"మూడు తరాలుగా పాలు తోడేసి పెరుగు అమ్ముతున్నాం. నీళ్ళలా పారే పాలను గడ్డ కట్టించి నిలబెట్టినవాళ్ళం. మాకు తెలియని విద్య ఇంకేం ఉంటుంది?" అంటాడు కాటమయ్య. ఆయన భార్య పేరంటాలు అవునని తలూపుతుంది. పెద్దకోడలు సామ్రాజ్యం ఐదో తరగతి దాకా చదివింది కాబట్టి, అందరూ ఊపడం అయ్యాక ఇంకోసారి ఎక్కువ ఊపుతుంది.

చిన్నకొడుకు నాంచారయ్యకు మాత్రం ఒక దిగులుండేది. ఇంట్లో అందరికంటే తనకే తెలివి కాస్త తక్కువేమోనని. ఎందుకంటే ఇంట్లోవాళ్ళు చేసే పనులు అతనికి మొదట అర్థమయ్యేవి కావు. కాసేపు ఆలోచిస్తే అర్థమయ్యేవి. పాపం, ఆ ఆలోచించడం దగ్గరే చెడిపోయాడు గానీ, మొదట్లోనే ఆగి ఉంటే ఎప్పుడో బాగుపడేవాడు.

అతనికి ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. కుర్రాడిలో వంక లేదు. ఎటొచ్చీ సంబంధం మాట్లాడటానికి ఐదుగురూ కలిసి వెళ్ళేవాళ్ళు. కిందటిసారి గుడ్లవల్లేరులో పిల్ల తండ్రి వీళ్ళను గుమ్మంలో చూసి, "రండి రండి, ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. ఇంకేముంది! కాటమయ్య వాళ్ళ మంచం వాల్చుకుని చొక్కా విప్పేసి పడుకున్నాడు. పేరంటాలు వంటింట్లోకెళ్ళి డబ్బాలన్నీ కిందికి దింపి సర్దింది. పోతురాజు వాళ్ళ గేదెను వీధిలో పోయేవాడికి బేరం పెట్టాడు. అలా ఏడు సంబంధాలు ఏడు గుమ్మాల దగ్గరే తెగిపోయాయి.

అందుకే పెళ్ళిళ్ళ పేరయ్య శేషాచలంగారు ఎనిమిదో సంబంధానికి వేరే ఉపాయం పన్నాడు. పిల్ల పేరు మణిమాల. ఖమ్మం దగ్గర ఊరు. శనివారం పొద్దున్నే ఆయన తన ట్యాబు తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఆయన పెళ్ళికొడుకుల ఫొటోలూ పెళ్ళికూతుళ్ళ ఫొటోలూ అన్నీ అందులోనే దాచుకుంటాడు.

"ఈసారి ఎవరూ ఎవరింటికీ వెళ్ళొద్దు. రేపు ఆదివారం పది గంటలకు వాళ్ళు ఇందులోకి ఫోన్ చేస్తారు. ఆకుపచ్చ బొమ్మ నొక్కితే వాళ్ళు మీకు కనబడతారు, మీరు వాళ్ళకు కనబడతారు. మధ్యలో ఈ గాజు ఉంటుంది. అదొక్కటే నాకు ధైర్యం," అన్నాడు శేషాచలంగారు.

తర్వాత మణిమాల ఫొటో చూపించాడు. ఎవరో ఏదో అంటే నవ్వు ఆపుకోలేక చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నట్టుంది ఆ పిల్ల. ఆ నవ్వు తమ ఇంట్లో వినబడాలి. అంతే, ఇంకేం అక్కర్లేదు అనుకున్నాడు నాంచారయ్య.

"నేను రేపు వేరే ఊళ్ళో పెళ్ళిలో ఉంటాను. ముహూర్తం కాగానే వచ్చేస్తా. అందాకా ఇది మీ చేతుల్లో ఉంటుంది, కాబట్టి జాగ్రత్తగా వినండి," అన్నాడాయన. "ఈ మూల అంకె ఉంది చూశారా, అదే ఛార్జింగు. ఇప్పుడు అరవై రెండుంది. పని చేస్తుంటే తగ్గుతుంది. ఇరవైకి వచ్చాక ఈ వైరు పెట్టండి. ఎనభై కాగానే తీసెయ్యండి. అడుగంటా ఖాళీ చేసినా, అంచుదాకా నింపినా బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. రేపు పొద్దుటికి ఎనభై ఉంటే మీరు నాలుగు గంటలు మాట్లాడుకోవచ్చు. దయచేసి నాలుగు నిమిషాలే మాట్లాడండి."

ఆయన అటు వెళ్ళగానే ఇటు ఐదుగురూ ట్యాబు చుట్టూ చేరారు.

"అడుగంటా ఖాళీ చెయ్యకూడదంట. కాస్త ఉంచాలంట. ఏంటి నాన్నా అది?" అన్నాడు పోతురాజు.

"తోడు!" అన్నాడు కాటమయ్య. నిన్నటి పెరుగులో ఒక గరిటెడు ఉంచకపోతే ఈరోజు పాలకు తోడెక్కడిది మరి?

"అంచుదాకా నింపకూడదంట."

"పొంగిపోతుంది కదరా," అంది పేరంటాలు.

"ఓస్, ఇంతేనా! తోడుపెట్టడం మనకు చెప్పడానికి ఆయనంత ఆయాసపడ్డాడు," అన్నాడు కాటమయ్య. అందరికీ శేషాచలంగారి మీద జాలేసింది.

నాంచారయ్య మెల్లిగా, "వైరు ఇప్పుడే పెట్టేస్తే పోదా నాన్నా?" అన్నాడు.

"ఇరవైకి వచ్చాక అన్నారా, లేదా?"

"అన్నారు."

"ఇప్పుడెంతుంది?"

"అరవై రెండు."

"మరి?"

నాంచారయ్య కాసేపు ఆలోచించాడు. నిజమే అనిపించింది.

సరే, ఇరవై కోసం ఎదురుచూడసాగారు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అంకె అరవై దగ్గరే ఉంది. అప్పుడు పేరంటాలుకు ఉన్నట్టుండి ఒక సంగతి గుర్తొచ్చింది. "అయ్యో, దీపాలు పెట్టాక ఎవరూ తోడు ఇవ్వరు, పుచ్చుకోరు కదా! ఇది ఆలోపు ఇరవైకి రాకపోతే పిల్లాడి పెళ్ళేం కాను?"

అంతే, ఇల్లంతా కంగారు.

"పని చేస్తుంటే తగ్గుతుందన్నారుగా. దీనికి పని చెప్పండి," అన్నాడు కాటమయ్య. పోతురాజు ట్యాబును కొట్టంలోకి తీసుకెళ్ళి, గేదె వెనకాల గోడకు ఆనించి, "ఊఁ, పేడ ఎత్తు," అన్నాడు. అరగంట నించున్నాడు. పేడ తగ్గలేదు, అంకె తగ్గలేదు. "ఒట్టి సోమరిది," అని తిరిగొచ్చాడు.

సామ్రాజ్యం చదువుకున్నది కదా, తెరమీద బొమ్మలు నొక్కి దానికి పాటలు వచ్చునని, టార్చిలైటు వచ్చునని, ఫొటోలు వచ్చునని కనిపెట్టింది. ఇంకేముంది, దాన్ని ఊపిరాడనివ్వలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలోకి టార్చి వేశారు. వీధి చివరిదాకా వినబడేట్టు పాటలు పెట్టారు. ఆ మోతకు గేదె పలుపు తెంపుకుంది. అది పరిగెత్తుతుంటే పోతురాజు వెనకాలే పరిగెడుతూ నూట నలభై ఫొటోలు తీశాడు. అన్నిట్లోనూ తోకే పడింది.

తన వంతు రాగానే నాంచారయ్య దాన్ని చాటుకు తీసుకెళ్ళి మణిమాల ఫొటో చూస్తూ కూర్చున్నాడు. చూసినంతసేపూ తెర వెలుగుతూనే ఉంది, అంకె జారుతూనే ఉంది. "మావాడు భలే పని చేయిస్తున్నాడే!" అని కాటమయ్య మెచ్చుకున్నాడు. జీవితంలో మొదటిసారి తండ్రి తన తెలివిని మెచ్చుకున్నందుకు నాంచారయ్య పొంగిపోయాడు. ఆ పొంగులో ఇంకో పాతిక నిమిషాలు చూశాడు.

పొద్దు వాలుతుండగా సరిగ్గా ఇరవైకి వచ్చింది. పేరంటాలు అగ్గిపెట్టె పట్టుకుని దేవుడి గూటి ముందు ఆగిపోయింది. పోతురాజు గబగబా వైరు పెట్టాడు. ఇరవై ఒకటి అయింది. ఇరవై రెండు. ఇరవై మూడు.

"చాలు!" అని వైరు పీకేశాడు పోతురాజు. "అమ్మా, ఇంక దీపం పెట్టుకో!"

"అదేంటన్నయ్యా, ఎనభై అన్నారుగా?" అన్నాడు నాంచారయ్య.

"ఎనభై కావలసింది రేపు పొద్దుటికి. కుండెడు పాలకు తోడు ఎంతేస్తాం?"

"చెంచాడు."

"ఎక్కువేస్తే?"

"పులుస్తుంది."

"పెళ్ళిచూపుల పూట పులిసింది పెడతావా?"

నాంచారయ్య ఆలోచించాడు. ఇదీ నిజమే. వాళ్ళన్నయ్యకు ఇంత బుర్ర ఎక్కడిదో అని ఆశ్చర్యపోయాడు.

ట్యాబును పెరుగు కుండల వరుసలో పెట్టి పైన పళ్ళెం బోర్లించారు. తోడుకునేటప్పుడు కదిపితే నీళ్ళు కక్కుతుందని, ఆ రాత్రి ఐదుగురూ మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి పడుకున్నారు.

తెల్లారింది. కుండల మూతలు తీశారు. పెరుగు గడ్డలా పేరుకుంది. పళ్ళెం తీశారు. ఇరవై ఒకటి!

"తోడుకోలేదు!" అంది సామ్రాజ్యం. పేరంటాలు గాజు మీద వేలు పెట్టి చూసి, "జారిపోతోంది," అంది. కాటమయ్య ట్యాబును ఇటూ అటూ వంచి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "చెడలేదు. చలికి తోడుకోలేదంతే. మాఘమాసంలో కుండలకు గొంగళి చుడతామా, లేదా? దీనికెందుకు చుట్టలేదు?"

ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు.

"వైరు కూడా పెడదామా?" అన్నాడు నాంచారయ్య బెరుకుగా. "పెట్టు, ఇంకో చెంచాడు పడనీ," అన్నారు. వైరు పెట్టారు, గొంగళి చుట్టారు. పిడకల మీద పాలు కాచే దాలి ఉంటుంది చూశారా, దాని అంచున వెచ్చగా పెట్టారు. అరగంట తర్వాత గొంగళి విప్పి చూసేసరికి ట్యాబు అప్పుడే పెనం మీంచి దింపిన అట్టులా ఉంది. తెరమీద ఏవో అక్షరాలున్నాయి. సామ్రాజ్యం కూడబలుక్కుని చదివింది. "బాగా... వేడెక్కింది. ఛార్జింగు... ఆగిపోయింది."

నాంచారయ్య వెంటనే శేషాచలంగారికి ఫోన్ చేశాడు. అవతల సన్నాయీ డోలూ మోగిపోతున్నాయి.

"వేడెక్కిందా? కొంప ముంచారు!" అని అరిచాడాయన. "ముందు చల్లగా ఉన్నచోట పెట్టండి! లైటు బాగా తగ్గించండి, లైటే ఛార్జింగంతా తినేస్తుంది! వైరు మాత్రం పీకకండి!" అంతలో ఎవరో ఆయన చేతిలో అక్షింతలు పెట్టారు కాబోలు, ఫోన్ ఆగిపోయింది.

"లైటు తినేస్తోందంట!" అన్నాడు కాటమయ్య, నట్టింట్లో వేలాడే బల్బు వైపు కోపంగా చూస్తూ. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఉంటూ ఆ బల్బు ఇంత పని చేస్తుందని ఆయన అనుకోలేదు.

బల్బు ఆపేశారు. కిటికీలు మూశారు. పెంకుల సందులో పడే వెలుతురుకు గోనెపట్టా అడ్డం కట్టారు. అప్పటికీ నమ్మకం చాలక పోతురాజు వెళ్ళి మెయిన్ స్విచ్చి దింపేశాడు. "ఇంక ఈ ఇంట్లో ఎవరు వెలిగించినా ఏ లైటూ వెలగదు," అన్నాడు గర్వంగా.

వైరు మాత్రం ఎవరూ పీకలేదు. పొరపాటున కూడా ఊడకూడదని కాటమయ్య దాన్ని రెండు చేతులతో ప్లగ్గులోకి అదిమి పట్టుకుని కూర్చున్నాడు. పేరంటాలు విసనకర్రతో ట్యాబుకు విసిరింది. ఆ చీకట్లో అంకె ఎంత పెరిగిందోనని రెండు నిమిషాలకొకసారి తెర వెలిగించి చూశారు. పదిహేను. పన్నెండు. తొమ్మిది.

"ఎవరో తాగేస్తున్నారు!" అంది పేరంటాలు. పాలు తగ్గితే ఎవరు తాగినట్టు? అంతే, పోతురాజు కర్ర తీసుకుని చీకట్లో పిల్లి కోసం వెతికాడు. మెత్తగా తగిలినదాన్ని పట్టుకుని ఒక్కటిచ్చాడు. అది కాటమయ్య మోకాలు. అయినా ఆయన వైరు వదల్లేదు. కొడుకు పెళ్ళి ముందు మోకాలెంత!

నాంచారయ్యకు ఏడుపొస్తోంది. ఆ నవ్వు చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది. బుర్రలో ఏదో మెరిసినట్టయింది. "అన్నయ్యా, మెయిన్ దింపేస్తే మరి వైరులోకి కరెంటు..."

"కరెంటుంటే లైటు వెలుగుతుంది కదరా," అన్నాడు పోతురాజు.

నాంచారయ్య ఆలోచించాడు. కరెంటుంటే లైటు వెలుగుతుంది. లైటు వెలిగితే ఛార్జింగు తినేస్తుంది. దీంట్లో తప్పెక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. మెరిసిందేదో ఆరిపోయింది.

పదికి ఐదు నిమిషాలుంది. ఉన్న కొత్త బట్టలన్నీ కట్టుకున్నారు. చీకట్లో తడుముకుంటూ ముఖాలకు పౌడరు రాసుకున్నారు. ఎవరు ఎంత రాసుకున్నారో ఎవరికీ తెలియదు. పెళ్ళికొడుకు వాళ్ళకు కనబడాలి కదా అని వీధి తలుపు మాత్రం బార్లా తెరిచారు. ట్యాబును కుండకు ఆనించి, నాంచారయ్యను మధ్యలో పెట్టుకుని, ముఖాల మీద ఎండ పడేట్టు ఐదుగురూ వరసగా నిలబడ్డారు. కాటమయ్య లేచి వస్తుంటే వైరు ప్లగ్గులోంచి ఊడొచ్చింది, అయినా ఆయన దాన్ని వదల్లేదు.

పది కాగానే ట్యాబు మోగింది. అంకె ఒకటి మీదుంది. నాంచారయ్య ఆకుపచ్చ బొమ్మ నొక్కాడు. తెరమీద చిన్న సున్నా ఒక చుట్టు తిరిగింది. తెర నల్లగా అయిపోయింది.

ఆ నల్లటి గాజులో ఐదుగురు మనుషులు కనబడ్డారు.

"వచ్చేశారు!" అని గుసగుసలాడింది సామ్రాజ్యం.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ ఇంట్లో ఉన్నది అరచేతిలో పట్టే అద్దం ఒక్కటే. అందులో మీసం చూసుకుంటే ముక్కు కనబడదు, బొట్టు చూసుకుంటే చెంపలు కనబడవు. ముఖాలకు పౌడరు దట్టించుకుని, కొత్త బట్టల్లో, ఐదుగురూ వరసగా నిలబడితే ఎలా ఉంటారో వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"వాళ్ళూ ఐదుగురే వచ్చారు," అన్నాడు కాటమయ్య. "మర్యాద తెలిసినవాళ్ళే."

"అమ్మాయేది?" అన్నాడు నాంచారయ్య. ఎంత వెతికినా చీరకొంగు నోటికి పెట్టుకున్న పిల్ల లేదు. మధ్యలో ఒక మీసాలాయన నోరు తెరుచుకుని వీళ్ళ వైపే చూస్తున్నాడు.

"లోపలుంటుందిలే. వాడు వాళ్ళన్నయ్య అయ్యుంటాడు. పలకరించు," అంది పేరంటాలు.

"బాగున్నారాండీ?" అన్నాడు నాంచారయ్య. అవతలాయన కూడా అదే క్షణంలో నోరు మెదిపాడు. "అమ్మాయిని పిలుస్తారా?" అన్నాడు నాంచారయ్య. అప్పుడూ ఆయన నోరు కదిలింది.

"ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు ఆగాలని తెలీదేమో పాపం," అంది సామ్రాజ్యం. పోతురాజు చెయ్యి ఊపాడు. అవతల ఒకడు చెయ్యి ఊపాడు. పోతురాజు రెండు చేతులూ ఊపాడు. వాడూ రెండూ ఊపాడు. "వెక్కిరిస్తున్నాడు నాన్నా! వీడి వాలకమే బాగోలేదు!"

"ఏమయ్యా," అంది పేరంటాలు గొంతు తగ్గించి, "వాళ్ళ ముఖాలు చూస్తే నాకేదో తేడాగా ఉంది. ఆ ఆడమనిషి చూడు, చెవులకు కూడా పౌడరు రాసుకుంది. ఆ ముసలాయన చేతిలో ఆ వైరు ముక్కేంటి?"

నాంచారయ్య అందరికంటే ఎక్కువసేపు చూశాడు. ఆ మధ్యలో ఉన్న మీసాలాయన కళ్ళలోకి చూశాడు. జీవితంలో మొదటిసారి, ఏమాత్రం ఆలోచించకుండానే అతనికి ఒక సంగతి అర్థమైంది.

"నాన్నా," అన్నాడు. "వీళ్ళు తెలివితక్కువ వాళ్ళు నాన్నా."

ఒక్కొక్కళ్ళే వంగి చూశారు. కాటమయ్య నిట్టూర్చాడు.

"పిల్ల బంగారం. ఆ నవ్వు చూస్తే ప్రాణం లేచొస్తుంది," అన్నాడు నాంచారయ్య కళ్ళు తుడుచుకుంటూ. "కానీ రేపు నాకు పుట్టే పిల్లలకు ఆ మేనమామ పోలికలొస్తే? వాళ్ళ బతుకేం కావాలి? నాకీ సంబంధం వద్దు."

అవతలాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. అది చూసి నాంచారయ్యకు ఇంకా దుఃఖం వచ్చింది. కాటమయ్య ముందుకొచ్చి రెండు చేతులూ జోడించి, "ఏమీ అనుకోకండి. మీకూ మాకూ పొసగదు," అన్నాడు. అవతలి పెద్దాయన కూడా చేతులు జోడించాడు.

సరిగ్గా అప్పుడు శేషాచలంగారు రొప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "ఏమైందండీ? పిల్ల పొద్దున్నించీ పట్టుచీర కట్టుకుని కూర్చుంది! మీరు కనబడటం లేదని వాళ్ళు నాకు ఫోన్ల మీద ఫోన్లు! పిల్లకు కుర్రాడి ఫొటో నచ్చిందట, మీరు ఊఁ అంటే ముహూర్తం పెట్టుకుంటామంటున్నారు!"

"ఆ మాట మాత్రం ఎత్తకండి. ఇప్పుడే చూశాం, ఇప్పుడే వద్దనుకున్నాం," అన్నాడు కాటమయ్య. "మనుషులు మంచివాళ్ళే. వద్దంటే వాళ్ళూ దండం పెట్టారు. తెలివి ఒక్కటే తక్కువ. ముఖాల మీదే రాసుంది. ఇంకా అక్కడే నిలబడ్డారు, కావాలంటే మీరే చూడండి."

శేషాచలంగారు చీకటి ఇంటిని చూశాడు. కిందికి దింపిన మెయిన్ స్విచ్చిని చూశాడు. కాటమయ్య చేతిలోని వైరును చూశాడు. ఈ ఇంటి మనుషుల చేతికి తన ట్యాబు ఇచ్చి, నాలుగు మాటలు చెప్పి, నిశ్చింతగా పెళ్ళికి వెళ్ళిన పెద్దమనిషి ఎవరో గుర్తు తెచ్చుకున్నాడు. తర్వాత వంగి, ఆ నల్లటి గాజులోకి చాలాసేపు చూశాడు. ఆయన వెనకాల ఐదు ముఖాలు ఆత్రంగా తొంగి చూస్తున్నాయి.

"నిజమేనండీ," అన్నాడు ఆఖరికి. "ఆరుగురూ అంతే."

"ఆరుగురా?" అంది పేరంటాలు, ఆయన భుజం మీంచి మళ్ళీ తొంగి చూసి లెక్కపెట్టుకుంటూ. "ఇందాక ఐదుగురేగా! భోజనాల వేళ చూసుకుని ఇంకొకడెవడో చేరాడన్నమాట."